గడప అవతల వినే మనిషి

వెనక గోడ పక్కన నిలబడ్డ ఆశా కార్యకర్తలు దయచేసి ముందుకు రండమ్మా. కుడివైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను ఇవాళ చెప్పబోయేది ఎక్కువగా మీ గురించే.

ఈ ధర్మనిధి తరఫున దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు మనసు ఆరోగ్యం గురించి మాట్లాడతానని నేనే అడిగాను. స్వాతంత్ర్య పోరాటం, స్త్రీవిద్య, సంఘసంక్షేమం అంటే ఆమె పేరు ఎవరికైనా గుర్తొస్తుంది. మనసు సంగతికీ ఆమెకూ ఏమిటి సంబంధమని మీలో కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది, గట్టిగా ఉంది.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని చెప్పారు. తండ్రీ సోదరుడూ ఆమె మాటకు అడ్డు చెప్పలేదు, అండగా నిలిచారు. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల తన మనసులో మాట చెప్పడం ఒక ఎత్తు, ఇంట్లో మగవాళ్లు దాన్ని విని ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినప్పుడు నేరాలు మీద పడి శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లతో కూర్చుని వాళ్ల కథలు విన్నారు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియక శిక్షపడ్డవాళ్లు వాళ్లలో ఉన్నారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆ వినడంలోంచి వచ్చింది. 1942లో పట్టా తీసుకున్నారు. ఆ తరువాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, 1953లో కేంద్ర సంఘసంక్షేమ బోర్డు తొలి అధ్యక్షపదవి, ఇవన్నీ మీకు తెలిసినవే.

తక్కువమందికి తెలిసినది ఒకటుంది. 1953లో చైనా వెళ్లివచ్చాక, కుటుంబ తగాదాలకు వేరే న్యాయస్థానాలు ఉండాలని మన దేశంలో మొదటగా గట్టిగా అడిగినవారిలో ఆమె ముందున్నారు. నెహ్రూ గారితో మాట్లాడారు, న్యాయమూర్తులతో చర్చించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి మూడేళ్లయింది. ఆ చట్టంలో జడ్జితో పాటు కౌన్సిలర్లకు కూడా చోటు ఉంది. తీర్పు చెప్పకుండా వినే మనిషి ఒకరు కోర్టులో ఉండాలని మన చట్టం ఒప్పుకుంది.

నేను ఇవాళ నిలబెట్టదలచిన మాట ఒక్కటే. మనసు కుదుటపడడానికి ఇల్లు కావాలి, కానీ ఇల్లొక్కటే చాలదు. గడప అవతల, నడిచి వెళ్లగలిగినంత దూరంలో, వినడం నేర్చుకున్న మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి పెద్ద డాక్టరే కానక్కర్లేదు.

1. ఇంట్లో చెప్పుకున్నాక ఏం జరుగుతుంది

2015-16లో నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 12 రాష్ట్రాల్లో చేశారు. మన రెండు రాష్ట్రాలూ వాటిలో లేవు. దిగులు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలు ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదని తేలింది. దీన్ని డాక్టర్ల కొరతగా చెప్పడం మామూలు. కొరత నిజమే. అయితే ఆ 85 మంది నోరు కుట్టుకుని కూర్చున్నారని మనం అనుకోకూడదు. వాళ్లు ఎవరో ఒకరితో అనే ఉంటారు. "గుండెల్లో దడగా ఉందే అక్కా." "ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదమ్మా." "రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది." అలా అన్నాక ఏం జరిగింది?

ఏం జరుగుతుందో ఈ హాల్లో ఉన్న అందరికీ తెలుసు. "నీకేం తక్కువైంది?" అంటారు. "మేం పడలేదా?" అంటారు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అంటారు. పెళ్లయినవాళ్లతోనైతే "ఒక బిడ్డ పుడితే అన్నీ మర్చిపోతావు" అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కట్టిస్తారు. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. కూతురు ఏడుస్తుంటే చూడలేక, ఆ ఏడుపు ఎలాగైనా త్వరగా ఆగాలన్న ఆత్రంలో అంటారు. దాంతో ఏడుపు ఆగుతుంది కూడా. ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు.

ఇంకో చిక్కు ఉంది. అత్తగారింట్లో జరిగేది అమ్మకు చెబితే అమ్మకు ఆ రాత్రి నిద్ర ఉండదు. భర్త సంగతి అన్నకు చెబితే అన్న తగువుకు బయలుదేరతాడు. పిన్నికి చెబితే ఆ మాట నాలుగిళ్లు తిరిగి, చివరికి చెల్లెలి పెళ్లి సంబంధం దగ్గర తేలుతుంది. అందుకని మన మనిషి చెప్పే ముందే లెక్క వేసుకుంటుంది: ఇది చెబితే ఎవరికి ఏమవుతుంది, ఎవరి పరువు పోతుంది, ఎవరి బీపీ పెరుగుతుంది. తన బాధకు తోడు వినేవాళ్ల బాధ కూడా తనే మోయాలి. అంత బరువు మోసే ఓపికే ఉంటే ఆమెకు దిగులెందుకు?

దీనికి శాస్త్రం తరఫున ఒక పెద్ద సాక్ష్యం ఉంది. 1950ల చివర లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, స్కిజోఫ్రీనియాతో చాలాకాలం ఆస్పత్రిలో ఉండి బయటికి వచ్చినవాళ్లు తరువాత ఎలా ఉన్నారో గమనించారు. అద్దె గదుల్లో ఉండిపోయినవాళ్ల కంటే తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లకే ఎక్కువగా జబ్బు తిరగబెట్టింది. ఎవరూ ఊహించని ఫలితమది. తరువాతి ఏళ్లలో ఆయనా, ఆయన సహచరులూ ఇళ్లలో జరిగే మాటలను కొలిచారు. ఎత్తిపొడుపు, కసి, అతిగా కలగజేసుకోవడం, ఈ మూడూ ఎక్కువగా ఉన్న ఇళ్లలో తిరగబెట్టడం ఎక్కువ. మూడోదాన్ని గమనించండి. రోగిని క్షణం వదలకుండా, ప్రతి ముద్దా లెక్కపెడుతూ, కంటతడి పెడుతూ వెంట తిరగడం కూడా ఆ జాబితాలో ఉంది.

1980లలో ఇదే పరిశోధన చండీగఢ్‌లో జరిగింది. మనవైపు నుంచి డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అందులో ఉన్నారు. లండన్‌తో పోలిస్తే ఇక్కడి ఇళ్లలో ఆ ఎత్తిపొడుపులు బాగా తక్కువగా కనిపించాయి. అది మన కుటుంబాలకు దక్కాల్సిన గౌరవం, దాన్ని తక్కువ చేయను. కానీ కసి ఉన్న ఇళ్లలో ఇక్కడా జబ్బు తిరగబెట్టింది. మన కుటుంబం గొప్పదన్న మాటా నిజమే, కుటుంబం గాయపరచగలదన్న మాటా నిజమే. మొదటి మాట చెప్పుకుని రెండోదాన్ని దాచిపెట్టే అలవాటు మనకు పోవాలి.

2. అలాగని ఇంటిని పక్కన పెట్టలేం

1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ పనిచేసేవారు. కిక్కిరిసిన ఆస్పత్రి అది. ఆయన ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు వాళ్ల బంధువులను కూడా అక్కడే ఉంచారు. జబ్బు అంటే ఏమిటో, మనిషితో ఎలా మెలగాలో కుటుంబానికి రోజూ కూర్చుని చెప్పేవారు. రోగులు త్వరగా ఇళ్లకు వెళ్లారు, ఇళ్లవాళ్లు వాళ్లను తిరిగి కలుపుకున్నారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల కూడా అదే కాలంలో కుటుంబంతో సహా చేర్చుకునే పద్ధతి పెట్టింది. ప్రపంచం దాన్ని తరువాత నేర్చుకుంది.

మనుషుల తోడు ప్రాణాన్ని ఎంతవరకు నిలబెడుతుందో కూడా లెక్కలున్నాయి. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. గట్టి బంధాలు ఉన్నవాళ్లు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే సగానికి సగం ఎక్కువని తేలింది. అందుకే, "నీ వాళ్లంతా విషం, అందరినీ తెంచుకో" అని ఈ మధ్య ఫోన్లలో వినిపించే సలహా వింటే నాకు భయం వేస్తుంది. కొట్టే చేతి నుంచి తప్పుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ విసిగించే అమ్మను, అర్థం చేసుకోలేని నాన్నను తెంచుకోవడం వైద్యం కాదు.

3. వినే మనిషి గదిలో ఏం చేస్తారు

థెరపీ అంటే మనవాళ్లలో రెండు అపోహలున్నాయి. డబ్బున్నవాళ్లు కబుర్లు చెప్పుకునే చోటని ఒకటి. పెద్దమనిషి బుద్ధులు చెప్పే చోటని ఇంకోటి. అక్కడ జరిగేది రెండూ కాదు. వివరంగా చెబుతాను. ఇది తెలిస్తేనే మిగతాది నిలబడుతుంది.

ఒకామె వచ్చిందనుకోండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామందిలో చూసినది కలిపి చెబుతున్నాను. వయసు యాభై దాటింది. భర్త పోయాడు. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. మోకాళ్ల నొప్పులని ఆరోగ్య కేంద్రానికి వస్తుంది, మాత్రలు తీసుకుంటుంది, వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది. వంట మానేసింది. ఉదయం మిగిలిన అన్నమే రాత్రికి. పేరంటాలకు పోవడం లేదు. అడిగితే "ఏముందిలే" అంటుంది.

మొదటి రోజు ఏ సలహా ఉండదు. ఇక్కడ చెప్పింది బయటికి పోదని ముందే చెబుతాం. ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం దగ్గరివాళ్లకు చెప్పాల్సి వస్తుందని కూడా ముందే చెబుతాం. తరువాత ఆమె మాట్లాడుతుంది, మనం వింటాం. మధ్యలో "నాకూ ఇలాగే అయింది" అని మన కథ ఎత్తుకోం. "బాధపడకు" అనం. ఆమె చెప్పింది మనకెలా అర్థమైందో ఆమెకు తిరిగి చెప్పి, సరేనా అని అడుగుతాం. కార్ల్ రోజర్స్ 1957లో రాసిన ఒక వ్యాసంలో, మనిషి మారడానికి ముఖ్యంగా కావలసినవి ఏమిటో చెప్పారు. ఎదుటివాళ్ల లోపలి నుంచి చూడగలగడం, షరతు పెట్టకుండా గౌరవించడం, నటించకుండా ఉండడం. వినడానికి సులువుగా ఉంటాయి. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి మీ పిల్లలతో పావుగంట ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

రెండోవారం ఆమెకు ఒక కాగితం ఇస్తాం. చదువు రాకపోతే కలిసి గుర్తు తెచ్చుకుంటాం. సోమవారం పొద్దున ఏం చేశావు, అప్పుడు మనసెలా ఉంది. మంగళవారం సాయంత్రం? ఇలా వారమంతా. చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. రోజులన్నీ ఒకేలా లేవు. పాలకేంద్రానికి పాలు పోయడానికి తనే వెళ్లిన రెండు రోజులూ కొంచెం తేలిగ్గా ఉంది. పక్కింటి కుర్రాడితో పంపిన రోజుల్లో మంచం దిగలేదు.

దిగులుకు ఒక తిరుగుడు ఉంది. మనసు బాగోక మనిషి పనులు మానేస్తుంది. పనులు మానేసేసరికి మనసును తేలిక చేసే సందర్భాలు పోతాయి. అవి పోయేసరికి దిగులు ఇంకా ముదురుతుంది. ఉత్సాహం వచ్చాక లేస్తాలే అని ఆమె ఎదురుచూస్తోంది, ఉత్సాహమేమో లేచి తిరిగాకే వస్తుంది. అందుకని మూడోవారం నుంచి పాలు తనే పోసిరావాలని ఇద్దరం కలిసి నిర్ణయిస్తాం. తరువాతి వారం ఒక పూట వేడిగా వండుకోవడం. ఆ తరువాత దగ్గర్లో ఉన్న చుట్టం ఎవరో ఒకరి ఇంటికి వెళ్లడం. చేయలేకపోతే తప్పు పట్టం, ఏది అడ్డొచ్చిందో చూస్తాం. పీటర్ లెవిన్‌సోన్ 1970లలో ఈ దారి చూపించారు. "నేను ఎవరికీ అక్కర్లేదు" అన్న ఆలోచనను కూడా పట్టుకుని చూడవచ్చు: దానికి సాక్ష్యం ఏముంది, విరుద్ధంగా ఏముంది అని ఆమెతోనే వెతికించడం. 2021లో నూరేళ్ల వయసులో కన్నుమూసిన ఆరన్ బెక్ నేర్పిన పద్ధతి అది. "అలా అనుకోకు" అని కొట్టిపారేయడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఒక్కోసారి అరగంటో నలభై నిమిషాలో. తరువాత ఆపేస్తాం. ఆపడం వైద్యంలో భాగం. ఆమె జీవితంలో నేను శాశ్వతంగా ఉండకూడదు, పాలకేంద్రం దగ్గర కలిసేవాళ్లు ఉండాలి.

హద్దులు కూడా ఇక్కడే చెప్పాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా అచ్చం దిగులులాగే కనిపిస్తాయి, ముందు రక్తపరీక్ష చేయించాలి. లేని మాటలు వినిపిస్తున్నా, కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు పాతాళం అన్నట్టున్నా, తిండి నిద్ర పూర్తిగా పోయినా మాటలతో కాలం గడపకూడదు. సైకియాట్రిస్టు కావాలి, మందులు కావాలి. మందు వేసుకోవడం ఓటమి అని చెప్పేవాళ్ల మాట వినకండి. షుగరు మాత్ర వేసుకుంటే ఎవరూ ఓడిపోరు.

4. డాక్టరే కానక్కర్లేదు

జింబాబ్వే రాజధాని హరారేలో డాక్టర్ డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఉన్నారు. ఆయన వైద్యంలో ఉన్న ఒక యువతి, ఆస్పత్రికి రావడానికి బస్సు చార్జీ లేక రాలేకపోయింది, ప్రాణం తీసుకుంది. ఆ దెబ్బతో ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. రోగి ఆస్పత్రి దాకా రావడం కుదరకపోతే వైద్యమే వాడకు వెళ్లాలి. 2006లో ఎంబారే అనే పేదవాడలో పని మొదలైంది. ఆయనకు నర్సులను ఇవ్వలేదు, గది ఇవ్వలేదు. అప్పటికే క్లినిక్కుల తరఫున ఇంటింటికీ తిరిగే 14 మంది అవ్వలను ఇచ్చారు. క్లినిక్కు బయట చెట్టు కింద ఒక చెక్క బెంచీ వేశారు. అవ్వ ఒక కొసన, వచ్చినవాళ్లు రెండో కొసన. "డిప్రెషన్" అన్న మాట అక్కడ వాడరు. అతిగా ఆలోచించడమనే అర్థమున్న షోనా మాటనే వాడతారు. ముందు మనసు విప్పనిస్తారు. ఉన్న కష్టాలన్నీ వరసగా చెప్పించి, వాటిలో ఒక్కదాన్ని ఎంచుకోమంటారు. దానికి ఏం చేయగలమో కలిసి వెతుకుతారు.

దీన్ని కరుణ కథగా చెప్పి వదిలేయలేదు, పరీక్షకు పెట్టారు. 24 క్లినిక్కుల్లో, 573 మందితో. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తరువాత మామూలు వైద్యం అందినవాళ్లలో దాదాపు సగం మందికి దిగులు లక్షణాలు మిగిలే ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో నూటికి 14 మందికే మిగిలాయి.

మన దేశానికి రండి. గోవాలో 1996లో మొదలైన సంగత్ అనే సంస్థ ఉంది. డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం అక్కడ 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తీవ్రమైన దిగులుతో ఉన్న 495 మందితో ఒక పరీక్ష చేసింది. నేను ఇందాక చెప్పిన పాలకేంద్రం పద్ధతే అది. కౌన్సెలింగ్ చేసినవాళ్లకు మనస్తత్వశాస్త్రంలో డిగ్రీలు లేవు, ఊళ్లలోని మామూలు మనుషులు. కొద్ది వారాల శిక్షణ ఇచ్చారు. మూడు నెలలకు వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లలో నూటికి 64 మంది తేరుకున్నారు, మామూలు వైద్యమే అందినవాళ్లలో 39 మంది. 2017లో లాన్సెట్‌లో అచ్చయింది. ఆ కౌన్సెలింగ్‌కు వచ్చిన ఆడవాళ్లలో భర్త చేతి హింస గురించి చెప్పినవాళ్లు కూడా తక్కువే. మనసు కాస్త నిలబడితే మనిషి తన చుట్టూ జరిగేదాన్ని కూడా కొంత నిలువరించగలదు.

పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో అక్కడి లేడీ హెల్త్ వర్కర్లు, అంటే మన ఆశా అక్కల్లాంటివాళ్లు, గర్భిణుల ఇళ్లకు వెళ్లి ఇలాంటి పనే చేశారు. అతీఫ్ రహమాన్ బృందం 2008లో ఫలితాలు అచ్చువేసింది. కాన్పయిన ఆరు నెలలకు, ఈ మాటసాయం అందని తల్లుల్లో నూటికి 53 మంది దిగులులోనే ఉన్నారు, అందినవాళ్లలో 23 మంది.

ఇక మన గడ్డ. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డాక్టర్ పల్లబ్ మౌలిక్ ఆధ్వర్యంలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి ఇంటింటికీ పంపారు. నిద్ర, ఆకలి, ఆసక్తి, బతుకు మీద విరక్తి గురించి కొన్ని ప్రశ్నలు. ఇబ్బందిలో ఉన్నట్టు తేలినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపి, వెళ్లారో లేదో మళ్లీ వెళ్లి చూడడం. మనసు జబ్బు సిగ్గుపడాల్సినది కాదని వీధినాటకాలు, వీడియోలు. గిరిజన గ్రామాల్లో మొదట చేసిన ప్రయత్నంలో, అంతకుముందు ఇలాంటివాళ్లలో వైద్యం దాకా వెళ్లినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. తరువాత 12 దాటారు. 12 చాలదు. అయినా ఆ పల్లెల్లో తలుపు తట్టింది మీలాంటివాళ్లే అని మర్చిపోకండి.

దుర్గాబాయమ్మ గారి పద్ధతికి వస్తాను. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను, వితంతువులను, ఒంటరివాళ్లను తను నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభలో చేర్చుకుని, ఏళ్లతరబడి చదవాల్సింది తక్కువ కాలంలో నేర్పి బెనారస్ మెట్రిక్ పరీక్షకు పంపేవారు. 1958లో సంఘసంక్షేమ బోర్డు దాన్నే దేశమంతటికీ సంక్షిప్త విద్యాకోర్సులుగా తెచ్చింది. టీచర్లు, నర్సులు, మంత్రసానులు, గ్రామసేవికలు అందులోంచి వచ్చారు. పల్లెకు మనుషులు కావాలి, పల్లెలో చదువు ఆగిపోయిన మనుషులున్నారు, మధ్యలో కావలసింది మంచి శిక్షణ అని ఆమె నమ్మారు. హరారే, గోవా, రావల్పిండి చెప్పినదీ అదే.

5. తనను తాను చూసుకోవడం

దీని గురించి ఎక్కువ చెప్పను. నిద్రకు ఒక వేళ, రోజూ కొంత నడక, వేళకు తిండి, మద్యానికి దూరం, ఇవి ఎవరికీ కొత్త కాదు. ఒక్కటి చేర్చుతాను. జేమ్స్ పెన్నబేకర్ 1986లో అచ్చువేసిన ప్రయోగంలో విద్యార్థులను వరసగా నాలుగు రోజులు, రోజూ 15 నిమిషాలు, మనసును కలిచివేసిన సంగతి గురించి రాయమన్నారు. అలా రాసినవాళ్లు తరువాతి నెలల్లో అనారోగ్యమని ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. రాసినదాన్ని ఎవరికీ చూపించక్కర్లేదు, చించేసినా సరే. రాస్తున్నకొద్దీ భరించలేనంతగా ఉంటే మాత్రం ఆపి, ఒక మనిషి దగ్గరికి వెళ్లాలి.

అయితే మన ఇళ్లలో ఆడవాళ్లకు ఆ 15 నిమిషాలు ఎక్కడివి? పొద్దున ఐదింటికి లేచి, ఇద్దరి డబ్బాలు కట్టి, అత్తగారికి ఇన్సులిన్ వేసి, డ్యూటీకి వెళ్లి, వచ్చి మళ్లీ వంటగదిలోకి వెళ్లే మనిషితో "నీ గురించి నువ్వు కొంచెం చూసుకో" అనడం క్రూరత్వం. రాత్రి గిన్నెలు భర్త కడిగితే, అత్తగారికి ఇన్సులిన్ కొడుకు వేస్తే, ఆమెకు ఆ సమయం దొరుకుతుంది. స్వీయసంరక్షణ ఎవరికి వాళ్లు చేసుకునేదని పుస్తకాలు రాస్తాయి. మన దగ్గర అది ఇంటిల్లిపాదీ కలిసి చేయాల్సిన పని. ఈ సభలో ఉన్న మగవాళ్లు దీన్ని తమతో అన్న మాటగానే తీసుకోవాలని కోరుతున్నాను.

6. మనిషికి మనిషి

హరారేలో బెంచీ దగ్గర పని అయిపోయాక ఇంకో ఏర్పాటు ఉంది. అప్పటికే తేరుకున్నవాళ్లు వారంవారం ఒక చోట కూర్చుంటారు. పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. చేతికి నాలుగు డబ్బులు, మనసుకు తోడు. మనకు ఇలాంటిది కొత్తగా కట్టక్కర్లేదు. డ్వాక్రా రోజుల నుంచి మన పల్లెల్లో మహిళా సంఘాలున్నాయి. నెలనెలా కూర్చుంటారు, పొదుపు కడతారు, అప్పు లెక్క చూస్తారు. ఆ సమావేశంలోనే పావుగంట మనసు సంగతికి ఇవ్వవచ్చు. జాగ్రత్త ఒకటే. అప్పు కిస్తీ కట్టలేని మనిషి అదే సంఘం ముందు తన దిగులు చెప్పుకోలేదు. లెక్కలు చూసే మనిషీ, వినే మనిషీ ఒకరే కాకూడదు.

ఆరోగ్యకరమైన బంధం ఎలా ఉంటుందని విద్యార్థులు అడుగుతుంటారు. వద్దు అని చెప్పగలిగి, చెప్పాక కూడా ఆ మనిషి మిగిలి ఉంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టు. నీ ఫోను పాస్‌వర్డు అడిగే ప్రేమ, నీ స్నేహితులను ఒక్కొక్కరినీ దూరం చేసే ప్రేమ, చేయెత్తి తరువాత కాళ్లు పట్టుకునే ప్రేమ బంధాలు కావు. వాటికి కౌన్సెలింగ్ కంటే ముందు రక్షణ కావాలి, 2005 గృహహింస చట్టం కావాలి. సర్దుకుపొమ్మని చెప్పే కౌన్సిలర్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

పిల్లల సంగతి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత 20 మందికి పైగా విద్యార్థులను పోగొట్టుకున్నాం. ఫలితాల వారం వస్తే నాకు ఇప్పటికీ ఫోను మోగితే గుండె ఆగుతుంది. పిల్లవాడు అన్నం దగ్గర మౌనంగా ఉంటే, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట అంటే, తిన్నగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడతారు. పుట్టదు. అడిగినప్పుడు పిల్లలకు ఊపిరి వస్తుంది. జవాబు అవును అయితే అరవకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే సాయం అందేలా చూడండి. 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ నంబరు అది, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ఇంకొకటి. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషి మీద కేసు పడుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లనివాళ్లు ఇంకా ఉన్నారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ, ప్రభుత్వమే సంరక్షణ ఇవ్వాలనీ చెబుతోంది. నర్సింగ్ పిల్లలూ, దీన్ని రాసుకోండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో మీరు ఎవరికో చెప్పాల్సి వస్తుంది.

7. ఏం చేయాలి

ఇలా వినేవాళ్లను మనమూ తయారుచేసుకోవాలి. దానికి శిక్షణ ఒక్కటే సరిపోదని గోవా నేర్పింది. అక్కడ కౌన్సిలర్లు, వచ్చినవాళ్ల అనుమతితో రికార్డు చేసిన సంభాషణలను వారంవారం కలిసి కూర్చుని విన్నారు. ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకున్నారు. ఎక్కడ తొందరపడ్డాం, ఎక్కడ సలహా ఇచ్చేశాం, ఎక్కడ వినకుండా దాటవేశాం అని. ఈ పర్యవేక్షణ లేకపోతే రెండేళ్లలో వినే మనిషి కాస్తా బుద్ధులు చెప్పే మనిషిగా మారిపోతుంది. పైన ఒక సైకియాట్రిస్టు, లేదా క్లినికల్ సైకాలజిస్టు ఫోనుకు దొరకాలి. చేయి దాటిన కేసు ఆ రోజే వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

వినేవాళ్లను ఎవరు వింటారన్నది కూడా చూసుకోవాలి. రోజుకు నలుగురి కన్నీళ్లు విన్న మనిషి ఇంటికి వెళ్లి పిల్లల మీద అరుస్తుంది. ఆమెకు కూడా నెలకోసారి మాట్లాడుకునే చోటు కావాలి.

ఇక డబ్బు. ఇది చెప్పడానికి మొహమాటపడను. ఆశా కార్యకర్తల మీద గర్భిణుల లెక్క, టీకాల లెక్క, టీబీ మందుల లెక్క, జ్వరాల సర్వే ఇప్పటికే ఉన్నాయి. వాటి మీద ఇంకో పని పెట్టి, దానికి సేవ అని పేరు పెట్టి, చేతులు దులుపుకుంటే అది రెండు నెలలు కూడా నడవదు. వినడం నైపుణ్యం అని మనం నిజంగా నమ్మితే దానికి జీతం ఇవ్వాలి. గంటకు ఇంత అని, ప్రయాణపు ఖర్చుతో సహా, నెలనెలా బ్యాంకులో పడాలి. మొదటి బ్యాచికి పదిహేను మంది చాలు. పదో తరగతి చదివినవాళ్లు, ఊళ్లో జనానికి నమ్మకం ఉన్నవాళ్లు, ఒకరి మాట ఇంకొకరి దగ్గర అననివాళ్లు. మూడోదాన్ని ఎంపికప్పుడే పరీక్షించాలి, తరువాత నేర్పడం కష్టం.

ఈ భవనం కింది అంతస్తులో సాయంత్రం నాలుగు దాటాక రెండు గదులు ఖాళీగా ఉంటాయని అధ్యక్షుల వారు ఇందాక చెప్పారు. చూసివచ్చాను. తలుపులకు గడియలున్నాయి, కిటికీలు రోడ్డు వైపు లేవు. శిక్షణకూ సరిపోతాయి, తరువాత వచ్చేవాళ్లతో మాట్లాడడానికీ సరిపోతాయి. ధర్మనిధి వడ్డీలోంచి మొదటి ఏడాది జీతాలకు కొంత కేటాయించడానికి కార్యవర్గం ఒప్పుకుంటే, పాఠాలు తయారుచేసి, మొదటి బ్యాచికి చెప్పే పని నేను తీసుకుంటాను. పేర్లు ఇవ్వదలచినవాళ్లు సభ అయ్యాక నా దగ్గరికి రండి.